కూలి నిలిచిన తరువాత: 1876–78 కరవు కాలములో ఒంగోలు సంఘము – భక్తి, జీవితార్థము గూర్చి ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

తెలుగు క్రైస్తవ సంఘము మీద నూరేండ్లకు పైగా వినబడుతున్న ఒక నింద ఉంది. "వీరు అన్నము కొరకు మతములో చేరినవారు" అన్నదే ఆ నింద. 'రైస్ క్రిస్టియన్లు' అనే పేరు కూడా దీని నుండే పుట్టింది. బయటివారు ఈ మాట అన్నప్పుడు మనము నొచ్చుకుంటాము. అయితే సంఘములోనే కొందరు తమ తాతముత్తాతలను గూర్చి ఇదే మాటను తలవంచుకొని ఒప్పుకోవడం అంతకంటె బాధాకరము.

ఈ నింద వెనుక ఒక నమ్మకం దాగి ఉంది. బీదవానికి ఉన్నది కడుపు ఆకలి ఒక్కటే, ఆత్మను గూర్చి, జీవితార్థమును గూర్చి ఆలోచించడం కడుపు నిండినవారికి మాత్రమే సాధ్యము అన్నదే ఆ నమ్మకం. ఇది నిజమైతే భక్తి అనేది అవసరాలన్నీ తీరిన తరువాత మిగిలే తీరిక పని అవుతుంది. నిజము కాకపోతే, భక్తి మనిషికి మరి దేనివలనను కలుగని ఒక అర్థమును ఇస్తుందని ఒప్పుకోవలసి ఉంటుంది. ఈ ప్రశ్నను పరీక్షించడానికి ఒంగోలు సంఘ చరిత్రకంటె తగిన ఉదాహరణ తెలుగు నేలమీద అరుదు. ఎందుకంటే అక్కడ అన్నము, బాప్తిస్మము రెండూ ఒకే మిషనరీ చేతిలో, ఒకే కాలములో ఉన్నాయి. ఆయన ఆ రెండింటిని వేరు చేసిన విధానమే ఈ వ్యాసమునకు ముఖ్యాంశము.

1. చారిత్రక నేపథ్యము

అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషను పని శామ్యూల్ డే గారి రాకతో 1836లో ఆరంభమై, 1840లో నెల్లూరులో స్థిరపడింది. మొదటి పాతికేండ్లలో ఫలితము బహు స్వల్పము. ఈ మిషనును మూసివేయాలా అనే చర్చ అమెరికాలో ఒకటికంటె ఎక్కువ పర్యాయములు జరిగింది. 1853లో ఆల్బనీ పట్టణములో జరిగిన సభలో అటువంటి చర్చ వచ్చినప్పుడే దీనికి 'లోన్ స్టార్' అనే పేరు వచ్చింది. ఒంటరి నక్షత్రమని దాని అర్థము.

1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ గారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులోని కొండ ఎక్కి ప్రార్థించారు. ఆ కొండ 'ప్రేయర్ మీటింగ్ హిల్' అనే పేరుతో మిషను చరిత్రలో నిలిచిపోయింది. ఆ ఐదుగురి చేతిలో పంచిపెట్టడానికి ఏమీ లేదు. ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని వారు దేవుని అడిగారు. పన్నెండేండ్ల తరువాత, 1866లో, జాన్ ఎవరెట్ క్లౌ గారు ఒంగోలులో కాపురముండుటకు వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘము ఏర్పడింది.

2. మిషనరీకి ముందే మొదలైన వెదకులాట

ఒంగోలు ఉజ్జీవమునకు మూలపురుషుడు క్లౌ గారు కాదు, యర్రగుంట్ల పేరయ్య గారు. ఈయన తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ. తోళ్ల వ్యాపారము చేసేవారు. ఈయన జీవితమును క్లౌ గారి భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గారు 1899లో ప్రచురించిన 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే గ్రంథములో వివరముగా నమోదు చేశారు.

ఆ గ్రంథము తెలియజేసే సంగతులలో మన అంశమునకు అతి ముఖ్యమైనది ఒకటుంది. క్రీస్తును గూర్చి వినకముందే పేరయ్య గారు సత్యాన్వేషి. వీరమ్మ అనే స్త్రీ గురువు వద్ద ఆయన రాజయోగము అభ్యసించారు. ఆనాటి మాదిగ పల్లెలలో ఇటువంటి గురువులు, శిష్యులు ఉండేవారు. విగ్రహారాధనను విడిచి దేవుడొక్కడే అని బోధించిన గురు పరంపరలు ఆ పల్లెలలో పనిచేశాయి. ఊరి దేవాలయ ద్వారము మూసి ఉంచబడిన జనులు తమ దారిన తాము దేవుని వెదకుతూనే ఉన్నారు. పగలంతా తోళ్లతో పనిచేసి, చీకటి పడిన తరువాత ధ్యానములో కూర్చున్న ఆ మనిషిని ఏ కూలియు, ఏ గింజలును అక్కడ కూర్చుండబెట్టలేదు.

వ్యాపారము నిమిత్తము ఉత్తర ప్రాంతములకు వెళ్లినప్పుడు ఏలూరులో చర్చ్ మిషనరీ సొసైటీకి చెందిన ఎఫ్. ఎన్. అలెగ్జాండర్ గారి ద్వారా పేరయ్య గారు యేసును గూర్చి విన్నారు. 1866లో ఆయనయు ఆయన భార్యయు జ్యూయెట్ గారి చేత బాప్తిస్మము పొందారు. తరువాత ఆయనే తన బంధువులకు, తనతో పాటు యోగమార్గములో ఉన్నవారికి ఈ వార్త చెప్పారు. 1867 జనవరిలో క్లౌ గారు తాళ్లకొండపాడు వెళ్లేసరికి చుట్టుపక్కల గ్రామముల నుండి స్త్రీ పురుషులు కొన్ని దినములకు సరిపడు ఆహారము మూటగట్టుకొని అక్కడికి చేరారు. వారిలో ఇరువది ఎనిమిదిమంది బాప్తిస్మము పొందారు. ఆ మొదటి విశ్వాసులు మిషనరీ పెట్టే అన్నము కొరకు రాలేదు. తమ అన్నము తామే తెచ్చుకొని వచ్చారు.

3. మూడు నియమములు, వాటి వెల

చేరినవారికి సంఘము మూడు నియమములు పెట్టింది. ఆదివారము పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసము తినకూడదు. విగ్రహములను పూజించకూడదు. ఈ నియమములను నేడు చదివినప్పుడు సాధారణముగా కనిపిస్తాయి. వాటిని ఆనాటి మాదిగ కుటుంబపు ఆర్థిక స్థితిలో పెట్టి చూడాలి.

ఆదివారము పని మానడమంటే దినకూలికి ఏడు దినములలో ఒక దినపు ఆదాయము పోగొట్టుకోవడం. చచ్చిన పశువును తీసివేయుట మాదిగల వంతు పని. దాని మాంసము వారి ఆహారములో భాగము. దానిని మానడమంటే ఉచితముగా దొరికే తిండిని వదులుకోవడమే. విగ్రహములను విడిచిపెట్టడమంటే జాతరలలో డప్పు కొట్టుటకు నిరాకరించడం, ఆ డప్పుతో వచ్చే మేరను కూడా కోల్పోవడం. ఈ మూడు నియమములలో ప్రతి ఒక్కటియు కూడు పోగొట్టేదే.

ఊరి పెద్దల నుండి ప్రతిఘటన వెంటనే వచ్చింది. చాకలి వారి బట్టలు ఉతకకూడదని, కుమ్మరి వారికి కుండలు అమ్మకూడదని కట్టడి చేశారు. వారి పశువులను ఊరి బీడులో మేయనివ్వలేదు. చెప్పులు కుట్టే పని, కోత పని నిరాకరించారు. ఈ సంగతులు క్లౌ గారి ఆత్మకథలో ఉన్నాయి. అయినను 1878 నాటి గొప్ప కూడికకు ముందే ఒంగోలు సంఘములో మూడు వేలమందికి పైగా సభ్యులు ఉన్నారు. నష్టము కలిగించే మార్గములో ఇంతమంది నడిచారంటే, ఆ నష్టముకంటె విలువైనదేదో వారికి దొరికిందని చెప్పక తప్పదు.

అది ఏమిటి? చచ్చిన పశువును తినడం ఆనాటి సమాజము మాదిగకు వేసిన ముద్ర. డప్పు అతని మీద ఉన్న హక్కుకు గుర్తు. ఈ రెండింటిని భక్తి కారణముగా విడిచిన మనిషి, "నేను ఎవరిని?" అనే ప్రశ్నకు ఊరు చెప్పిన జవాబును తోసివేసి, దేవుడు చెప్పిన జవాబును అంగీకరించాడు. భక్తి ఇచ్చిన అర్థమును ఇక్కడ స్పష్టముగా చూడగలము.

4. కరవు: మనిషిని గింజలతో కొలిచిన కాలము

1876లో మద్రాసు ప్రెసిడెన్సీలో నైరుతి, ఈశాన్య ఋతుపవనములు రెండును విఫలమయ్యాయి. 1878 వరకు సాగిన ఆ కరవులో దక్షిణ భారతమందు మరణించినవారి సంఖ్య ఏబది లక్షలకు పైనేనని అంచనా. ఆకలితో పాటు కలరా, జ్వరములు కూడా జనులను హరించాయి.

ఈ కాలములో ప్రభుత్వము చేసిన ఒక లెక్కను వేదాంత విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. ఖర్చు తగ్గించు నిమిత్తము పంపబడిన సర్ రిచర్డ్ టెంపుల్, 1877 ఆరంభములో సహాయపు పనులలో ఉన్న కూలీకి దినమునకు ఒక పౌను ధాన్యము, దానితో పాటు కొద్ది నాణెము చాలునని నిర్ణయించారు. ఒక పౌను అంటే సుమారు 450 గ్రాములు. దీనిని 'టెంపుల్ కూలి' అన్నారు. కష్టపడి మట్టి మోసే శరీరమునకు ఇది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ వాదించారు. తరువాత మద్రాసులో ఆ కొలతను పెంచవలసి వచ్చింది.

కార్నిష్ గారి వాదన న్యాయమైనది, దయగలది. ఎక్కువ ధాన్యము ఎక్కువ ప్రాణములను కాపాడింది. అయినను ఆ చర్చ అంతటిలోను మనిషి అంటే పోషించవలసిన శరీరము మాత్రమే. ప్రభుత్వ దస్త్రములు అంతకు మించి చెప్పవలసిన పని లేదు. సంఘము కూడా అక్కడే ఆగిపోతుందా అన్నది ఒంగోలులో తలెత్తిన ప్రశ్న.

క్లౌ గారు మొదట చేసినది అన్నము పెట్టే పనే. బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడు మైళ్లకు పైగా పనిని ఆయన ప్రభుత్వము నుండి గుత్తకు తీసుకున్నారు. అమెరికాలో యౌవనమందు సర్వే పని చేసిన అనుభవము ఆయనకు ఇక్కడ ఉపయోగపడింది. రాజుపాలెము వద్ద శిబిరము వేసి, ఒక్కొక్క సమయములో వేలమందికి పని కల్పించారు. తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. మిట్టమధ్యాహ్నము పని ఆగినప్పుడు వారు కూలీల మధ్య కూర్చుండి మాట్లాడేవారు. అక్కడ మాదిగలు మాత్రమే కాక ఇతర కులములవారు కూడా ఉన్నారు. గంప మోసిన చేతులు, సువార్త విన్న చెవులు ఒకే మనుష్యులవి.

5. పదునైదు నెలల నిరీక్షణ

శిబిరములోనే అనేకులు బాప్తిస్మము కోరారు. సంఖ్యలు కోరే మిషనరీకి ఇంతకంటె అనుకూలమైన సమయము లేదు. కాని 1877 మార్చి నుండి 1878 జూన్ వరకు, అనగా పదునైదు నెలలు, ఒంగోలులో బాప్తిస్మము నిలిపివేయబడింది. సహాయపు సొమ్ము క్లౌ గారి చేతిలో ఉన్నంతకాలము, అడిగేవారి హృదయములో ఏముందో తేల్చడం కష్టము. అందుకే ఆయన ఆగారు.

ఈ నిర్ణయములోని వివేకమును గమనించాలి. ఆయన ఆకలిగొన్నవారిని, "ముందు మీ ఉద్దేశము నిరూపించండి, తరువాత అన్నము" అని అడగలేదు. అన్నము అందరికి, షరతు లేకుండా అందింది. నిలిపివేయబడినది బాప్తిస్మము మాత్రమే. అన్నమును భక్తికి ఎరగా వాడకుండా, భక్తిని అన్నమునకు వెలగా అడగకుండా, ఆ రెండింటిని ఆయన వేరుగా ఉంచారు.

1878 మధ్యకాలమునకు సహాయపు పనులు ముగింపుకు వచ్చాయి. క్లౌ గారు తన బోధకులను మాత్రమే వెల్లంపల్లి వద్ద కలవమని కబురు పంపారు. ఇది ఒంగోలుకు ఉత్తరముగా గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న గ్రామము. బోధకులతో పాటు జనులు గుంపులుగా వచ్చారు. ఇక ఇచ్చుటకు పని లేదు, డబ్బు లేదు, వెళ్లిపొండని ఆయన వారికి చెప్పారు. వారు ఇచ్చిన జవాబు సారాంశమును ఆయన ఆత్మకథలో వ్రాసి ఉంచారు. తమకు సహాయము అక్కర లేదని, తమ చేతులకున్న బొబ్బలే తాము పనిచేసి బ్రతుకగలవారమని సాక్ష్యమిస్తున్నాయని, రాబోయే పంట కూడా పోతే చనిపోతామని, అయితే క్రైస్తవులుగా చనిపోవాలని కోరుతున్నామని వారు చెప్పారు.

ఒక్కొక్కరిని బోధకులు విచారించిన తరువాత బాప్తిస్మములు ఆరంభమయ్యాయి. జూలై 2న 614 మంది, జూలై 3న 2,222 మంది, జూలై 4న 700 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందారు. మూడు దినములలో మొత్తము 3,536 మంది. జూలై 3న ఆరుగురు తెలుగు బోధకులు, ఒకేసారి ఇద్దరు చొప్పున నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చారు. క్లౌ గారు తాను నీటిలోనికి దిగలేదు. ఆ సంవత్సరము ముగిసేసరికి సంఘములో చేరినవారి సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

6. కొన్ని అభ్యంతరములు

ఈ చరిత్రను అతిశయముతో చెప్పుకొని ఊరుకోవడం పరిశోధకునికి తగదు. రెండు అభ్యంతరములను ఎదుర్కోవాలి.

మొదటిది: కూలి నిలిచినా కృతజ్ఞత నిలుస్తుంది గదా, మరల కరవు వస్తే దొర ఆదుకుంటాడనే ఆశ ఉండవచ్చు గదా? నిజమే. మనుష్యుల ఉద్దేశములు ఎప్పుడును కలగలిసే ఉంటాయి. కరవు సహాయము అనేకుల చెవులను తెరిచిందనడంలో సందేహము లేదు. కాని కృతజ్ఞత లంచము కాదు. ప్రాణము కాపాడినవాని దేవుడు ఎవరో తెలుసుకోవాలనుకోవడం బేరము కూడా కాదు. పైగా మూడు నియమములు అప్పటికి సడలలేదు. ఆకలి కాలము ఇంకను పూర్తిగా గడవకముందే చచ్చిన పశువు మాంసము తిననని ఒప్పుకున్నవారిని కేవలము తిండి కొరకు వచ్చినవారనడం పొసగదు.

రెండవది: ఇంతమందికి బోధ ఎలా అందింది? ఇది మరింత బరువైన ప్రశ్న. జె. వాస్కమ్ పికెట్ గారు 1933లో ప్రచురించిన సామూహిక ఉద్యమముల అధ్యయనములో, చేరినప్పటి ఉద్దేశముకంటె చేరిన తరువాత అందిన బోధ, కాపుదల విశ్వాసుల ఎదుగుదలను ఎక్కువగా నిర్ణయించాయని చూపారు. ఒంగోలుకు కూడా ఇది వర్తిస్తుంది. రామాయపట్నంలోని వేదాంత పాఠశాల నుండి వచ్చిన బోధకులు లేకపోతే ఆ సంఖ్యలు సంఖ్యలుగానే మిగిలేవి. నదిలో ఒక దినమున దొరికిన అర్థమును నిలుపుకొనుటకు ఏండ్ల తరబడి బోధ అవసరము.

7. వాక్యపు వెలుగులో

ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయములో మోషే అరణ్యపు ఆకలిని జ్ఞాపకము చేస్తాడు. దేవుడు ఇశ్రాయేలును ఆకలిగొననిచ్చాడు, తరువాత మన్నాతో పోషించాడు. మనుష్యుని జీవము ఆహారము ఒక్కదానిమీదనే ఆధారపడలేదని నేర్పుట దీని ఉద్దేశము. అయితే ఈ పాఠము నేర్పిన దేవుడు మన్నాను ఆపలేదు. యేసు శోధనలో ఇదే వాక్యమును ఎత్తి చూపాడు (మత్తయి 4:4). ఆయనే తరువాత అయిదు వేలమందికి రొట్టెలు పంచాడు. మరునాడు అదే జనసమూహము వచ్చినప్పుడు, వారు రొట్టెలు తిని తృప్తి పొందినందున తనను వెదకుచున్నారని నిర్మొగమాటముగా చెప్పాడు (యోహాను 6:26). పెట్టడములో వెనుదీయలేదు, ప్రశ్నించడములోను వెనుదీయలేదు. వెల్లంపల్లిలో జరిగినది ఈ రెండవ దినపు ప్రశ్నే.

ఆహారము లేనివానికి వట్టి దీవెన మాటలు చెప్పి పంపివేయడాన్ని యాకోబు పత్రిక గద్దిస్తుంది (యాకోబు 2:15–16). కనుక భౌతిక అవసరములకు మించిన అర్థమును గూర్చి బోధించేవాడు ఆ అవసరములను తృణీకరించకూడదు. భక్తి ఆకలిని పోగొట్టదు. ఆకలిగొన్న ఆ మనిషి ఎవరో, ఎవరివాడో చెబుతుంది.

8. నేటి పరిచర్యకు కొన్ని పాఠములు

మొదటిగా, సహాయము, సభ్యత్వము వేరుగా ఉండాలి. తుపాను సహాయము, వైద్యము, చదువు అందించే సంఘములు ఒంగోలు పద్ధతిని తమ నియమావళిలో చేర్చుకోవచ్చును. ఇచ్చేచోట అడగకూడదు. అడిగేచోట ఇవ్వడానికి ఏమీ ఉండకూడదు.

రెండవదిగా, ఐశ్వర్య సువార్త ఒంగోలు చరిత్రను తలక్రిందులు చేస్తున్నది. కానుకకు ప్రతిఫలముగా ఉద్యోగము, ఇల్లు, వీసా వస్తుందని బోధించినప్పుడు భక్తిని మరల కూలిగా మారుస్తున్నాము. అటువంటి బోధ విని వచ్చినవారు కూలి రానప్పుడు వెళ్లిపోతే తప్పు వారిది కాదు. 1878లో ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పి, ఎవరు నిలుస్తారో చూచే ధైర్యము ఒక కాపరికి ఉన్నది. మన ప్రసంగములకు ఆ ధైర్యము ఉన్నదా?

మూడవదిగా, బీదవారిని గూర్చి మనము మాట్లాడే తీరు మారాలి. పల్లె సంఘములో కూర్చున్న వృద్ధురాలిని చూచి, ఆమె అవసరములేమిటో మనము వెంటనే లెక్కిస్తాము. ఆమె ప్రశ్నలేమిటో అరుదుగా అడుగుతాము. పేరయ్య గారి వంటి అన్వేషకులు ఏ మిషనరీ రాకముందే ఆ పల్లెలలో ఉన్నారు. నేడును ఉన్నారు. విద్యార్థులు తమ ఆచరణాత్మక పరిచర్య కాలములో వృద్ధ విశ్వాసుల సాక్ష్యములను వ్రాసి భద్రపరచడం మన సంఘ చరిత్రకు ఎంతో మేలు చేస్తుంది.

ముగింపు

మన పూర్వికులలో అనేకులు ఆకలితో వచ్చారు. అందుకు సిగ్గుపడనక్కర లేదు. వారికి ఆకలి ఒక్కటే ఉండిందని చెప్పడమే అసత్యము. కరవుకు ముందు వారు దేవుని వెదకారు. విశ్వాసము కొరకు తిండిని, పనిని, ఊరి నీడను పోగొట్టుకున్నారు. కూలి నిలిచిన తరువాత నది ఒడ్డుకు నడిచి వచ్చారు. రేపటి పంట మీద వారికి నమ్మకము లేదు. ఎవరివారుగా బ్రతకాలో, ఎవరివారుగా చనిపోవాలో మాత్రము వారికి తెలుసు. ఆ వారసత్వమును మన సంఘములకు తల ఎత్తుకొని చెప్పుదము, దానికి తగిన బోధను అందించుదము.